రెండుసార్లు వెలిగింది

మా అత్త కళ్లు తెరుచుకుని ఉన్న ఫొటో ఈ భూమ్మీద ఒక్కటి కూడా లేదు. గుంపు ఫొటోల్లో అందరూ పళ్లికిలిస్తుంటే ఆవిడొక్కతే నిద్రపోతూ ఉంటుంది. నా చిన్నప్పటి ఫొటోలో నన్ను ఎత్తుకుని మరీ నిద్రపోతోంది, చూసినవాళ్లంతా ముందు ఆ పిల్లనెవరైనా అందుకోండి అంటారు. గుర్తింపు కార్డుకు ఫొటో తీసినాయన ఏడుసార్లు ప్రయత్నించి, ఇంతకన్నా నా వల్ల కాదని, సగం తెరిచినదాన్నే అంటించి పంపాడు. అందులో ఆవిడ పన్ను పీకించుకుని మత్తు దిగని మనిషిలా ఉంటుంది. మరొకరింట్లో అయితే ఇది నవ్వుకుని వదిలేసే సంగతే. మాది కళ్లద్దాల కొట్టు.

కొట్టు రైలుపెట్టెలా పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. కిటికీ లేదు. ముందు కౌంటరు, దాని వెనక అత్త. మధ్యలో నల్ల పరదా, దాని వెనక నాన్న, ఆయన కళ్లు పరీక్ష చేస్తాడు. అన్నిటికన్నా వెనక నేను, అద్దాలు అరగదీసే మెషీనూ. నాన్నకు అత్త అక్క. తాత పోయినప్పటి నుంచీ, అంటే ముప్ఫై ఏళ్లుగా, కొట్టు నడిపింది ఆవిడే. బోర్డు మీద నాన్న పేరుంది. ఆ బోర్డు ఎక్కడ కట్టాలో చెప్పింది మాత్రం అత్తే.

నాన్న పనంతా ఒక్క ప్రశ్న. మనిషి ముక్కు మీద బరువైన పరీక్ష ఫ్రేము పెట్టి, అద్దం మార్చి మార్చి, "ఇది బాగుందా, ఇది బాగుందా?" అని అడుగుతాడు. రోజుకు మూడొందలసార్లు అడిగి అడిగి ఆయనకు ఇంట్లో చొక్కా ఎంచుకోవడం కూడా అలాగే అలవాటైంది. వచ్చినవాళ్లు ఇదనీ, కాదు అదేననీ కాసేపు తికమకపడి చివరికి "రెండూ ఒకేలా ఉన్నాయండీ" అంటారు. నాన్న ఎదురుచూసేది ఆ మాట కోసమే. అది వచ్చిందంటే నంబరు దొరికినట్టు, ఇక చెయ్యి పెట్టకూడదు అంటాడు. ఆయన జీవితంలో అంత గట్టిగా నమ్మే సంగతి మరొకటి లేదు.

అత్త పని ఆఖరి చూపు. నేను అరగదీసిన ప్రతి అద్దాన్నీ ఆవిడ ట్యూబులైటు కేసి ఎత్తి, ఒక్క క్షణం చూస్తుంది. గీత ఉంటే "మళ్లీ" అని నా చేతిలో పెడుతుంది. నేను భూతద్దం పెట్టి వెతికితే ఆ గీత మూడో నిమిషానికి దొరుకుతుంది. ఒక్కసారి కూడా దొరక్కుండా పోలేదు. అందుకే ఆవిడంటే నాకు ఒళ్లుమంట, ఆవిడ లేని కొట్టు ఊహించుకుంటే భయం.

ఆవిడ ఎడమ చెవి కింద గడ్డ ఒకటి వచ్చింది. ఉసిరికాయంత. ప్రమాదమేమీ లేదు కానీ తీసెయ్యాల్సిందేనన్నాడు డాక్టరు. మొహాన్ని కదిపే నరం సరిగ్గా ఆ గడ్డ గుండానే పోతుందట. ఎంత జాగ్రత్తగా కోసినా ఎడమవైపు మొహం జారిపోవచ్చు, ఆ కంటి రెప్ప కిందికి దిగకపోవచ్చు. కొన్ని నెలలకు ఆ కదలిక మళ్లీ రావచ్చు, రాకపోనూవచ్చు. ఇదంతా విని నాన్న అక్కడే ఏడుపు మొదలుపెట్టాడు. అత్త తన రుమాలు తీసి ఆయనకిచ్చి, ఆపరేషన్ ఎప్పుడో కనుక్కుంది. ఇంకా తొమ్మిది రోజులుంది.

ఆస్పత్రి మెట్లు దిగుతుంటే ఆవిడ నా భుజం పట్టుకుని ఆగింది.

"ఇన్నేళ్లూ ఫొటోలో మూసుకుంటున్నాయని తిట్టుకున్నానా, ఇప్పుడు ఒకటి మూసుకోనే మూసుకోదట. సరే, రోట్లో తలపెట్టాక ఇంకేముంది. కానీ ఈ మొహం నాదిగా ఉండగానే ఒక్క ఫొటో తియ్యవే. కళ్లు తెరిచి. కౌంటరు వెనక, అద్దాలు పెట్టుకుని. తాత ఫొటో పక్కన పెట్టండి. పోయాక పెట్టేదాన్లో కూడా నిద్రపోతుంటే, ఈవిడ మొదట్నుంచీ ఇంతేనేమో అనుకుంటారు జనం."

అత్త ఇంతవరకూ నన్ను ఏదీ అడిగి ఎరగదు. చెయ్యమని చెప్పడమే తప్ప. నేను సరేనన్నాను.

నా దగ్గర కెమెరా ఉంది. ఫ్రేముల ఫొటోలు తీసుకోవడానికి రెండేళ్ల కిందట ఎవరో వాడి అమ్మేసింది కొన్నాను. దానికి నెత్తి మీద టక్కున లేచే సొంత ఫ్లాష్ ఒకటుంది. దాంతో మనిషిని తీస్తే అప్పుడే గోడ దూకుతూ దొరికిపోయిన దొంగలా వస్తాడు. పోనీ ఫోనుతో, ఫ్లాష్ లేకుండా తీద్దామా అంటే, మా కొట్టులో ఉన్న వెలుగల్లా ట్యూబులైట్లు. అవి అత్త కళ్లద్దాల మీద అడ్డంగా రెండు తెల్ల కర్రల్లా పడుకుంటాయి. వాటి వెనక కళ్లు తెరిచున్నాయో లేవో ఆ దేవుడికే తెలియాలి. అద్దాలు తీసెయ్యమంటే, కళ్లద్దాలమ్మే మనిషి అద్దాల్లేకుండా గోడెక్కడమేమిటని కసిరింది. వాకిట్లో ఎండలో నిలబడమంటే, నా కౌంటరు వాకిట్లో ఉందా అంది. కాబట్టి కెమెరా మీద పెట్టే విడి ఫ్లాష్ ఒకటి కొనాలి. జీవితంలో మొదటిది.

దాన్ని ఎంచుకోవడానికి తొమ్మిది రోజుల్లో మూడు రోజులు తగలేశాను. ఇంటర్నెట్‌లో ఈ విషయం మీద మాట్లాడే మగవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కలేదు. ఒకాయన ఫ్లాష్ గురించి చెప్పేముందు కాంతి అంటే ఏమిటో తెలుసుకుందామని గంటసేపు చెప్పాడు, ఫ్లాష్ గురించి రెండో భాగంలో అన్నాడు. ఇంకొకాయన, అసలు ఫ్లాష్ వాడేవాడు ఫొటోగ్రాఫరే కాదన్నాడు. మూడో ఆయన దగ్గర ఫ్లాషులు పదకొండు ఉన్నాయి, ఫొటోలో పెట్టడానికి మనిషి మాత్రం ఒక్కడూ దొరికినట్టు లేడు, అన్నీ ఒకే పూలకుండీ ఫొటోలు.

చివరికి నా బుర్రే వాడుకున్నాను. అద్దం సంగతి నాకెవడూ చెప్పక్కర్లేదు, పొద్దస్తమానం దాంతోనే కాపురం. ఎదురుగా కొట్టిన వెలుగు ఎదురుగానే తిరిగొస్తుంది. పక్క గోడకు కొట్టి, అక్కణ్నుంచి మొహం మీద పడేలా చేస్తే దాని ముందు ట్యూబులైట్లు కూడా వెలవెలబోయి అద్దాల మీద మెరుపు ఉండదు, నీడలూ మెత్తగా ఉంటాయి. కాబట్టి ఫ్లాష్ తల పైకీ పక్కకీ తిరగాలి. గోడకు తగిలి వచ్చేసరికి సగం వెలుగు అక్కడే ఖర్చయిపోతుంది కనుక కాస్త దమ్మున్నది కావాలి. ఇంతవరకూ తప్పులేదు. తప్పు కెమెరాల కొట్టులో చేశాను.

కెమెరాలమ్మే ఆయన్ని ఈ వీధిలో అందరూ నిదానంగారంటారు. నిదానమే ప్రధానం అనేది ఆయన విషయంలో సామెత కాదు, వైద్యులు రాసిచ్చిన మందు. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంటాడు. ఆ జోడు మా కొట్టుదే. మా ఇంటి తీరు దీనికి పూర్తిగా ఎదురు. ఆలస్యం అమృతం విషం అనేది అత్త నోట్లో రోజుకు నాలుగుసార్లు పలుకుతుంది. ఇంట్లో ఎవరూ ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగం.

ఆయన బల్ల మీద రెండు ఫ్లాషులు పెట్టాడు. రెండింటి తలలూ తిరుగుతాయి, రెండూ దమ్మున్నవే. ఒకదానికి వెలుగు పెంచడానికీ తగ్గించడానికీ ఒక మర ఉంది, అంతకుమించి ఏమీ లేదు. ఎంత వెలుగు కావాలో మనమే తిప్పి తిప్పి చూసుకోవాలి. రెండోది దానికి మూడురెట్ల ఖరీదు. వెనక తెర, తెర నిండా అంకెలు. ఎంత వెలుగు కావాలో అదే కొలుచుకుని, అదే నిర్ణయించుకుని, అదే వెలుగుతుంది. నాన్న నాలోంచి ఇది బాగుందా, ఇది బాగుందా అని అడగడం నాకు వినపడింది.

ఎవరికోసమని అడిగాడు నిదానంగారు. మా అత్త ఫొటో తీయడానికన్నాను. ఆయన కళ్లజోడు తీశాడు. తుడిచాడు. పెట్టుకున్నాడు.

"ఈ ఆటోమేటిక్ దాంతో ఒకటుందమ్మా..." అన్నాడు.

ఖరీదు గురించి చెప్పబోతున్నాడనుకున్నాను. ఆఖరిసారి తీసే ఫొటోకు పిసినారితనమేమిటని అప్పటికే నాకు రోషం వచ్చి ఉంది. పరవాలేదండీ, అదే ఇవ్వండి అని డబ్బు బల్ల మీద పెట్టి, పెట్టె చంకలో పెట్టుకుని, ఆయన నోరు ఇంకా తెరిచి ఉండగానే బయటపడ్డాను.

మర్నాడు మధ్యాహ్నం కొట్టు తలుపు దగ్గరికేసి అత్తను కౌంటరు వెనక కూర్చోబెట్టాను. ఫ్లాష్ తల పక్క గోడకు తిప్పాను. మొదటి ఫొటో చూసి నాకే ఆశ్చర్యమేసింది. మెత్తటి వెలుగు, అద్దాల మీద ఒక్క మెరుపు లేదు, చర్మం మీద గీతలు కూడా గౌరవంగా ఉన్నాయి. కళ్లు మూసుకుని ఉన్నాయి. రెండోది, మూడోది, పదోది కూడా అంతే. నలభై రెండు తీశాను. నలభై రెండు రకాల నిద్రలు వచ్చాయి.

ఇక్కడ ఎవరైనా అయితే ఫ్లాష్‌ను అనుమానిస్తారు. మేం కళ్లవాళ్లం కదా, కన్నును అనుమానించాం. నాన్న ఆవిడను పరదా వెనక్కి తీసుకెళ్లి టార్చి వేసి రెప్పలు తిరగేసి చూశాడు. కన్ను పొడిబారిందని చుక్కలు వేశాడు. ఫొటోకు ముందు పదిసార్లు రెప్ప కొట్టుకుంటే ఆ తర్వాత కాసేపు కొట్టుకోబుద్ధి కాదని ఆవిడ చేత లెక్కపెట్టి కొట్టించాడు. నేను ఊరుకున్నానా, వెలుగు తక్కువ గుచ్చుకునే పూతతో ఆవిడకు కొత్త అద్దాలు అరగదీశాను. ఒక్క లోపం లేని మనిషికి ఇద్దరం కలిసి మధ్యాహ్నమంతా వైద్యం చేశాం. మధ్యమధ్యలో మళ్లీ ఫొటోలు తీశాం. మళ్లీ నిద్ర.

"రెండుసార్లు వెలుగుతోందే," అంది అత్త.

ఏది అన్నాను. ఆ దీపమేనంది. ముందు ఒకసారి చిన్నగా, వెంటనే ఇంకోసారి గట్టిగా. నేను ఫ్లాష్‌ను నాకేసి తిప్పుకుని కొట్టుకున్నాను. ఒక్కటే వెలుగు. నాన్న కూర్చున్నాడు, ఆయనకూ ఒక్కటే. అప్పుడు నాన్న, పరీక్షకు వచ్చిన ముసలివాళ్లతో మాట్లాడే గొంతు తెచ్చుకుని, కంగారులో అలాగే అనిపిస్తుందక్కా అన్నాడు. నేను తలూపాను. ఆ తలూపడం ఇప్పటికీ గుర్తొస్తే నా తల నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

అత్త కొత్త అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ముప్ఫై ఏళ్లు నేను గీతుందంటే మీకు కనపడకపోయినా ఉందన్నారు. ఇప్పుడు నేను చూశానంటే లేదంటున్నారు. పోనీలే, గడ్డ కంట్లోకి కూడా పాకిందేమో."

ఆపైన ఆ రోజంతా మా ఇద్దరితో మాట్లాడలేదు. తలుపు తీసి, వచ్చినవాళ్లకు అద్దాలమ్ముకుంది. నేను వెనక మెషీను దగ్గర కూర్చుని ఫ్లాష్ పుస్తకం తెరిచాను. అది పదకొండు భాషల్లో ఉంది, పదకొండింటిలోనూ ఫ్లాష్‌ను నీళ్లలో ముంచవద్దని ఉంది.

ఆపరేషన్ ఇంకా నాలుగు రోజులుందనగా, పెట్టె చంకలో పెట్టుకుని నిదానంగారి కొట్టుకు పోట్లాటకు వెళ్లాను. అంటగట్టారన్నాను, దీనికన్నా కొవ్వొత్తి నయమన్నాను, మా అత్త రెండుసార్లు వెలుగుతోందంటోందని వెక్కిరింపుగానే చెప్పాను. ఆయన అన్నీ విన్నాడు. కళ్లజోడు తీశాడు. నేను పళ్లు బిగబట్టుకుని ఆగాను. అంతసేపు ఆగడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"ఆ రోజు చెప్పబోయింది అదేనమ్మా. ఇది అసలు వెలుగు ఇచ్చేముందు చిన్నగా ఒకసారి వెలిగి కొలుచుకుంటుంది. వెంటనే అసలుది. మధ్యలో సందు లేనట్టే ఉంటుంది, నూటికి తొంభైమందికి రెండూ కలిసి ఒకటిగానే కనపడతాయి." ఆయన జోడు తుడిచాడు. "కొందరికి రెప్ప మహా తొందర. చిన్న వెలుగుకే మూసుకుంటుంది. అసలు వెలుగు వచ్చేసరికి మూసుకుని ఉంటుంది. మీ అత్తగారు చూసింది నిజమే. ఆవిడ కంట్లో లోపం లేదు, మనకన్నా వేగం ఎక్కువ, అంతే."

మరి మా చిన్నప్పుడు ఇలాంటి ఫ్లాషులు లేవు కదా, అప్పుడూ మూసుకునే ఉన్నాయేమిటి అన్నాను. అప్పుడు స్టూడియోలో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేవాళ్లు కదమ్మా అన్నాడు. తొందర రెప్పవాళ్లకు మూడు అనడమే చాలు. అంటే అరవై ఏళ్లుగా ఆవిడను ప్రతివాడూ ముందు హెచ్చరించి మరీ కొట్టాడన్నమాట.

అయితే ఆ మర ఉన్న చవకది ఇవ్వండి అన్నాను. అక్కర్లేదన్నాడు. నా ఫ్లాష్ తీసుకుని వెనక ఒక మీట నొక్కాడు. తెర మీద అంకెలు తగ్గిపోయాయి. ఇప్పుడిది కొలుచుకోదు, మీరే తిప్పి చూసుకోవాలి, ఒక్కసారే వెలుగుతుంది అన్నాడు. మూడురెట్లు పోసి నేను కొన్న తెలివంతా ఆపెయ్యడానికి ఒక్క మీట. మరి చవకదే చాలని ఆ రోజే చెప్పొచ్చుగా అన్నాను. ఆయన నాకేసి చాలా దయగా చూశాడు. 

అత్తకు చెప్పాను. నువ్వు చూసింది నిజమే, తప్పు మాదేనన్నాను. నాన్న కూడా పరదా అంచు పట్టుకుని నిలబడి, తప్పయిందక్కా అన్నాడు. ఆవిడ ఫ్రేములు తుడవడం ఆపలేదు. కానీ ఆ సాయంత్రం నాలుగు అద్దాలు చూసి నాలుగింటినీ "మళ్లీ" అంది. మమ్మల్ని క్షమించిందని అర్థమైంది.

ఆస్పత్రిలో చేరాల్సిన ముందురోజు మధ్యాహ్నం మళ్లీ తలుపు దగ్గరికేశాం. వెలుగు ఎంత కావాలో చూసుకోవడానికి ముందు నాన్నను అత్త కుర్చీలో కూర్చోబెట్టాను. పదమూడుసార్లు కొట్టాను. మొదటిదాంట్లో ఆయన పిండిలో పడ్డట్టున్నాడు, ఐదోదాంట్లో బొగ్గు గనిలోంచి వచ్చినట్టున్నాడు. అత్త నా భుజం మీంచి తెర చూస్తూ, ఇది బాగుందా, ఇది బాగుందా అని నాన్న గొంతులోనే అడుగుతూ కూర్చుంది. నాన్నకు మాత్రం నవ్వు రాలేదు. రేపటి గురించి ఆలోచిస్తున్నాడని మొహం చూస్తేనే తెలుస్తోంది.

తర్వాత అత్త కూర్చుంది. కెమెరాను స్టాండు మీద నిలబెట్టి, తీగ చివరున్న బొత్తాం గుప్పిట్లో పట్టుకుని పక్కకొచ్చాను. లెక్కపెట్టనని చెప్పాను. ఎప్పుడు నొక్కుతానో కూడా చెప్పనన్నాను. ఊరికే కూర్చోలేక ఆవిడ, ఆ పొద్దున నేను అరగదీసిన అద్దమొకటి తీసుకుని ట్యూబులైటు కేసి ఎత్తింది. చూసింది. అద్దం దించి, కళ్లజోడు మీంచి కాదు, అందులోంచే సూటిగా నా మొహంలోకి చూసి నోరు తెరిచింది. ఆ మాట రాకముందే నొక్కాను.

"మళ్లీ," అంది.

తెర మీద మా అత్త ఉంది. చేతిలో అద్దం, పెదవి మీద మాట, రెండు కళ్లూ తెరిచి. గీత దొరికినప్పుడు మాత్రమే వచ్చే ఆ చూపు. ముప్ఫై ఏళ్లు ఈ కొట్టును నిలబెట్టిన చూపు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. నాన్న సంగతి సరేసరి.

అత్త కెమెరాను రెండు చేతుల్లోకీ తీసుకుని చాలాసేపు చూసింది.

"నేను జనాన్ని ఇంత గుడ్లేసుకుని చూస్తానా? పాపం వాళ్లు," అంది. తర్వాత తెర మీద తన ఎడమ బుగ్గ మీద వేలుపెట్టి, మెల్లిగా, "బాగానే ఉండేదానివే," అంది.

డాక్టరు చెప్పిందే జరిగింది. గడ్డ పోయింది, ఎడమవైపు మొహం జారింది. మూతి కుడికి లాగింది. ఎడమ కన్ను మూసుకోవడం మానేసింది. పగలు గంటకోసారి చుక్కలు, పడుకునేటప్పుడు రెప్పను కిందికి లాగి అంటించే పట్టీ. మూడు వారాలకు అత్త కొట్టుకొచ్చింది కానీ కౌంటరు దగ్గర ఆగలేదు. నేరుగా వెనక్కి వచ్చి నా మెషీను పక్కన కూర్చుంది. కన్ను బాగుచేసుకోవడానికి వచ్చేవాళ్లకు ముందు నా కన్ను చూపిస్తే బేరం అక్కడే ఆగిపోతుందంది. కౌంటరు దగ్గర నాన్నను కూర్చోబెట్టాం. ఆయన గుండ్రటి మొహాలకు నప్పని గుండ్రటి ఫ్రేములు అమ్మి పంపిస్తుంటే, ఆవిడ వెనకనుంచి చూసి పళ్లు నూరేది. లేచి ముందుకు మాత్రం వెళ్లేది కాదు.

ఫొటో పెద్దది చేయించి ఫ్రేము కట్టించి తెచ్చాను. వద్దంది. అది అక్కడ వేలాడుతుంటే దాని కింద నేను నిలబడాలి, జనం పైకీ కిందికీ చూస్తారు అంది. ఫొటోను గోడకు ఆనించి, మొహం గోడవైపు తిప్పి పెట్టింది. కొట్టులో అన్నిటికన్నా బాగా వచ్చిన వస్తువు నెలన్నర అలా గోడను చూస్తూ నిలబడింది.  

ఒకరోజు పగటిపూట బేరాల్లేవు. ఆవిడ నా అద్దమొకటి ఎత్తి చూసి, పెదవి సరిగ్గా కలవక నీళ్లు నమిలినట్టుగా "మళ్లీ" అంది. తన మాట తనకే వినిపించి ఆగింది. అద్దం కింద పెట్టింది.

"ఆ కెమెరా తియ్యి. దీపాన్ని మళ్లీ ఆ రెండుసార్లు వెలిగే దాన్లో పెట్టు."

ఎందుకత్తా అన్నాను. ఈ కన్ను ఇప్పుడు ఎన్నిసార్లు వెలిగినా మూసుకోదు కదా, అరవై ఏళ్ల పగ, ఆ యంత్రం మొహాన ఒక్కసారి తీర్చుకోనీ అంది. మీట నొక్కి ఆటోలో పెట్టాను. ఆవిడ లేచి ముందుకు నడిచింది. రెండు నెలల తర్వాత తన కౌంటరు వెనక నిలబడి, అద్దాలు సర్దుకుని, లెక్కపెట్టమని కూడా చెప్పింది. ఒకటి అన్నాను. రెండు అన్నాను. మూడు.

తెర చూశాను. కెమెరా ఆవిడ చేతికిచ్చాను.

ఎడమ కన్ను చెప్పినట్టే రాయిలా తెరుచుకుని ఉంది. కుడి రెప్ప మాత్రం అలవాటు ప్రకారం చిన్న వెలుగుకే టక్కున మూసుకుంది. మూతి కుడివైపుకు పైకి లాగి ఉంది. ట్యూబులైట్ల కింద, తన కౌంటరు వెనక, అరవై దాటిన మా అత్త ప్రపంచానికి కన్ను కొడుతోంది.

ఆవిడ తెరను కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికెళ్లాను. నవ్వుతోంది. సగం మొహంతోనే, మూసుకోని కంట్లోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా, కౌంటరు పట్టుకుని నవ్వుతోంది. నేనూ మొదలుపెట్టాను. పరదా వెనకనుంచి నాన్న కంగారుగా బయటికొచ్చాడు.

రెండో ఫొటో కూడా అదే కొలతకు చేయించి తెచ్చాను. తెచ్చిన రోజు అత్త మొదటిదాన్ని గోడవైపు నుంచి తిప్పింది, రెండోదాన్ని రెండో చేత్తో పట్టుకుంది. నాన్నను పరీక్ష కుర్చీలో కూర్చోమంది. ఆయన కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్లలో ఆ కుర్చీలో కూర్చుని జవాబు చెప్పడం ఆయనకు అదే మొదటిసారి. అత్త కళ్లు తెరిచిన ఫొటో ఆయన మొహం ముందు పెట్టింది.

"ఇది బాగుందా?" అంది. దాన్ని దించి కన్ను కొట్టే ఫొటో ఎత్తింది. "ఇది బాగుందా?"

నాన్న అద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. అత్త మళ్లీ మొదటిది, మళ్లీ రెండోది చూపించింది. ఆయన రెండింటినీ చూశాడు, వాటి మధ్యలో ఉన్న అక్క మొహాన్నీ చూశాడు.

"రెండూ ఒకేలా ఉన్నాయక్కా," అన్నాడు.

అత్త చేతులు దించింది.

"అయితే సుత్తి తేరా," అంది. కన్ను కొట్టేదాన్ని తాత పక్కన ఎక్కడ పెట్టాలో వేలితో చూపించి, కౌంటరు వెనక తన కుర్చీ లాక్కుని కూర్చుంది.